అడిగారు కాబట్టి చెప్తున్నా: ఈసారి అన్నీ ఫ్లాపులే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ముప్పావు వంతు సినిమాల మీదే, అందులోనూ ఆడని సినిమాల మీదే. హిట్ సినిమా గురించి మనవాళ్లు అడిగేదేమీ ఉండదు, చూసొచ్చి పడుకుంటారు. పోతేనే చర్చ. వాస్తు గురించీ వడ్డీ రేట్ల గురించీ రాసినవాళ్లు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టండి.

ప్ర: 2010లో 'ఖలేజా' వచ్చినప్పుడు మా ఊళ్లో రెండో వారానికే బొమ్మ ఎత్తేశారు. 2025 మే 30న రీ రిలీజ్ అంటే మా అబ్బాయికి టికెట్టు దొరకలేదు. అప్పుడు తిట్టినవాళ్లే ఇప్పుడు క్లాసిక్ అంటున్నారు. సినిమా మారిందా, జనం మారారా?
(తణుకు నుంచి ఒక తండ్రి)

జ: రెండూ కాదండీ, టికెట్టు కొన్న కారణం మారింది. 2010లో హాలుకి వెళ్లినవాళ్లు 'ఖలేజా' చూడ్డానికి వెళ్లలేదు, రెండో 'అతడు' చూడ్డానికి వెళ్లారు. అదే హీరో, అదే దర్శకుడు. పైగా 'అతిథి' తర్వాత మహేష్ మూడేళ్లు తెరమీద కనిపించలేదు, ఆ ఆకలంతా మొదటి రోజు మ్యాట్నీకే తీరాలనుకుని వెళ్తే, అప్పటిదాకా ముక్తసరిగా మాట్లాడే హీరో గలగలా వాగుతున్నాడు, ట్యాక్సీ డ్రైవరు దేవుడా కాదా అన్నది కథ. టైటిల్ మీద తగాదా వచ్చి 'మహేష్ ఖలేజా' అని మార్చి వదలడం దానికి అదనం. జనానికి కోపం వచ్చింది.

తర్వాత టీవీలో పడింది. ఇంట్లో అన్నం తింటూ, మధ్యలో ఫోన్ మాట్లాడుతూ, పదిసార్లు చూసినవాడికి అంచనాలేవీ ఉండవు, డైలాగులు మాత్రం నోటికొచ్చేస్తాయి. రీ రిలీజుకి వెళ్లేవాడు సినిమా చూడ్డానికి వెళ్లడు, తనకొచ్చిన డైలాగు నాలుగు వందల మందితో కలిసి అప్పజెప్పడానికి వెళ్తాడు. 2022 ఆగస్టు 9న 'పోకిరి' 4కె ప్రింటుతో మొదలైన ఈ జాతర పద్ధతే అది. మీరు 2010లో చూసిందీ, మీ అబ్బాయి 2025లో చూద్దామనుకున్నదీ ఒకటి కాదు.

ఇలాగే అప్పుడు పోయి, రీ రిలీజులో ఆడిన 'ఆరెంజ్' సంగతి కొంచెం వేరు. అదే ఏడాది నవంబరులో వచ్చింది. జీవితాంతం ఒకే అమ్మాయిని ప్రేమిస్తానని చెప్పడం నా వల్ల కాదు అని హీరో అంటే, పెళ్లాంతో సినిమాకి వచ్చిన మగాళ్లందరూ ఒక్కసారిగా నీతిమంతులైపోయారు. నిర్మాత నాగబాబు ఆ దెబ్బకి ఎంత అప్పుల్లో పడ్డారో ఆయనే చాలాసార్లు చెప్పుకున్నారు. 2023లో రామ్ చరణ్ పుట్టినరోజుకి మళ్లీ వేస్తే, బ్రేకప్ అన్న మాట విని ఉలిక్కిపడని వయసు వాళ్లు సీట్లెక్కి పాడారు. ఇక్కడ నిజంగానే కాలం మారింది, ఒప్పుకుంటా.

కాకపోతే ఒక్క మాట. అప్పట్లో జిల్లా హక్కులు కొని మునిగిన బయ్యరుకి ఈ రీ రిలీజ్ కలెక్షన్లో పైసా రాదు, ఆయన కొన్న హక్కుల గడువు ఎప్పుడో ముగిసింది. ఆయన కూడా క్లాసిక్ అన్నరోజు నాకు ఉత్తరం రాయండి.

ప్ర: యావరేజ్, బిలో యావరేజ్, ఫ్లాప్, డిజాస్టర్. వీటి మధ్య తేడా ఏమిటి?
(నంద్యాల)

జ: మీ హీరో ఎవరో చెప్పకుండా ఈ ప్రశ్న అడిగితే ఎలా?

ప్ర: పోస్టర్ మీద 100 కోట్లు, 200 కోట్లు అని వేస్తారు. తర్వాత నిర్మాత నష్టపోయాడంటారు. మరి ఆ కోట్లన్నీ ఎక్కడికి పోయాయి?
(కరీంనగర్)

జ: పోవడానికి ముందు అవి ఉండాలి కదా. సరే, ఉన్నాయనే అనుకుందాం. హైదరాబాద్ మల్టీప్లెక్సులో రేట్లు పెంచని రోజుల్లో టికెట్టు 295 రూపాయలు. అసలు ధర 250, దాని మీద 18 శాతం జీఎస్టీ 45. పోస్టర్ మీద కనిపించే గ్రాస్ అంటే ఈ 295. ప్రభుత్వం తన 45 తీసుకుంది, మిగిలిన 250లో మల్టీప్లెక్సు వాళ్లు దాదాపు సగం ఉంచుకుంటారు. డిస్ట్రిబ్యూటర్ చేతికి వచ్చేది నూట పాతిక, అటూ ఇటూగా. దాన్ని షేర్ అంటారు. సింగిల్ స్క్రీన్లలో అద్దెల పద్ధతి కాబట్టి లెక్క ఇంకోలా ఉంటుంది, కానీ కథ ఇదే. అంటే పోస్టర్ నిజమే చెప్పినా 100 కోట్ల గ్రాస్ అంటే బయ్యర్లకి చేరేది అందులో సగం లోపు. సినిమాని వాళ్లు 80 కోట్లకి కొని ఉంటే, సక్సెస్ మీట్‌లో కేకు కోస్తున్న సమయానికే వాళ్లు ముప్పై కోట్లు పోగొట్టుకుని ఉంటారు.

ఇక పోస్టర్ నిజం చెప్పకపోతే అది వేరే సరదా. 2025 జనవరి 10న వచ్చిన 'గేమ్ ఛేంజర్'కి మొదటి రోజు ప్రపంచవ్యాప్తంగా 186 కోట్లు అని పోస్టర్ వదిలారు. ట్రేడ్ లెక్కలు కట్టేవాళ్ల అంకెలు దాని దరిదాపుల్లో లేవు. ఆ ఒక్క పోస్టర్ మీద నెట్‌లో పుట్టినన్ని జోకులు ఈ మధ్య మన కామెడీ ట్రాకులన్నీ కలిపినా ఉండవు.

కోట్ల లెక్కలు రాకముందు ఈ గొడవ సెంటర్ల మీద, అంటే సినిమా ఆడిన ఊళ్ల మీద, జరిగేది. మీ హీరోకి వంద రోజులు ఎన్ని సెంటర్లు, మా హీరోకి ఎన్ని సెంటర్లు. అందులో మళ్లీ డైరెక్టుగా ఒకే హాల్లో ఆడిందా, షిఫ్టింగ్‌లో హాళ్లు మారుతూ ఆడిందా, నాలుగు ఆటలా లేక చివరి నెలంతా నూన్ షో ఒక్కటేనా అని ఉపప్రశ్నలు. ఆ కాలం పోయిందనుకుంటున్నప్పుడే 2014లో విడుదలైన 'లెజెండ్' ప్రొద్దుటూరులో 1000 రోజులు దాటింది. వెయ్యో రోజు మ్యాట్నీ ఎంతమంది చూశారని మాత్రం నన్ను అడగొద్దు, నాకు ప్రొద్దుటూరులో చుట్టాలున్నారు.

ప్ర: సినిమా పోతే హీరో డబ్బులు వెనక్కివ్వాలా? మా బాబాయి ఒకప్పుడు చిన్న బయ్యరు. ఇవ్వాలనే అంటాడు.
(భీమవరం)

జ: మీ బాబాయిగారికి నా నమస్కారం, ఆ వ్యాపారం చేసి ఇంకా సినిమాల గురించి మాట్లాడుతున్నారంటే గుండె గట్టిదే.

కాగితం ప్రకారం అయితే ఎన్నారే, అంటే నాన్ రిఫండబుల్ అడ్వాన్స్ మీద కొన్నవాడికి ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు, ఆ పేరులోనే ఉంది. మినిమమ్ గ్యారంటీ, అంటే కనీసం ఇంత ఇస్తానని ముందే ఒప్పుకుని కొన్నా నష్టం తనదే, ఆ మొత్తం దాటి వచ్చినదాంట్లో మాత్రం నిర్మాతకి వాటా ఇవ్వాలి. మామూలు అడ్వాన్స్ మీద తీసుకుంటేనే తక్కువపడ్డది నిర్మాత తిరిగివ్వాలి. కానీ మన దగ్గర కాగితం కంటే నోటిమాట ఎక్కువ పనిచేస్తుంది. సినిమా పోయాక బయ్యరు ఆఫీసుకి వెళ్తే నిర్మాత కాఫీ ఇచ్చి 'తర్వాతి సినిమాలో చూసుకుందాం' అంటాడు. ఆ ఒక్క వాక్యం మీద పరిశ్రమ దశాబ్దాలుగా నడుస్తోంది. తర్వాతి సినిమా తక్కువకి ఇస్తారు, అదీ పోతే దాని తర్వాతిది.

ఆ వాక్యం చెల్లనప్పుడు గొడవ రోడ్డెక్కుతుంది. 2022 ఆగస్టులో వచ్చిన 'లైగర్' విషయంలో అదే జరిగింది, 2023 మేలో ఎగ్జిబిటర్లు, అంటే హాళ్లు నడిపేవాళ్లు, హైదరాబాద్ ఫిల్మ్ చాంబర్ దగ్గర నిరసనకి కూర్చున్నారు. మైక్ టైసన్‌ని తెచ్చిన సినిమాకి చివరి ఫైటు ఫిల్మ్ చాంబర్ గేటు దగ్గర జరగడం ఎవరూ రాసుకోని క్లైమాక్స్.

ఇచ్చినవాళ్లూ ఉన్నారు. 2002లో 'బాబా' పోతే రజనీకాంత్ డిస్ట్రిబ్యూటర్ల నష్టం భరించారు, ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. 'ఆచార్య' తర్వాత తానూ చరణ్ పారితోషికంలో చాలా భాగం వెనక్కిచ్చేశామని చిరంజీవి ఇంటర్వ్యూలో చెప్పారు. నన్నడిగితే, సినిమా రేటు కథ మీదా దర్శకుడి మీదా కాకుండా హీరో పేరు మీదే పలికినప్పుడు, ఆ రేటులో సగం ఆయన జేబులోకే వెళ్లినప్పుడు, పోయినరోజు ఆయన విదేశాలకి విహారయాత్రకి వెళ్లిపోవడం చూడ్డానికి బాగుండదు. చట్టం సంగతి మీ బాబాయిగారు, లాయరుగారు చూసుకోవాలి.

ప్ర: బౌండ్ స్క్రిప్ట్ అంటే ఏమిటండీ?
(ఖమ్మం, డిగ్రీ రెండో సంవత్సరం)

జ: సీన్లూ డైలాగులతో సహా కథంతా రాసి బైండు చేసి, షూటింగ్ మొదలుపెట్టే ముందు ఉండాల్సిన పుస్తకం. 2023 ఏప్రిల్‌లో 'ఏజెంట్' విడుదలైన కొద్ది రోజులకే, అది లేకుండా మొదలుపెట్టి తప్పు చేశామని నిర్మాత అనిల్ సుంకర స్వయంగా ట్వీట్ చేశారు. ఆ సినిమా ఓటీటీలోకి రావడానికి 2025 మార్చి దాకా పట్టింది. మా వీధి చివర జెరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ నలభై రూపాయలు.

ప్ర: ఉద్యోగానికి రాయపూర్ వచ్చాను. ఇక్కడివాళ్లు నాకే తెలియని తెలుగు సినిమాల కథలు చెప్తున్నారు. బెల్లంకొండ సాయి శ్రీనివాస్ ఎలా ఉన్నాడని అడుగుతున్నారు, నేను వాళ్ల పక్కింటివాణ్ణి అయినట్టు. ఏమిటీ వింత?
(రాయపూర్ నుంచి, సొంతూరు శ్రీకాకుళం)

జ: బాగానే ఉన్నాడని చెప్పండి, మర్యాదగా ఉంటుంది.

వింతేమీ కాదు, అది ఇంకో బాక్సాఫీసు. 2017 ఆగస్టు 11న అతను హీరోగా బోయపాటి శ్రీను తీసిన 'జయ జానకి నాయక' వచ్చింది. అదే రోజు ఇంకో రెండు తెలుగు సినిమాలు పోటీకి దిగాయి, ఇది ఇక్కడ ఓ మాదిరిగా ఆడి వెళ్లిపోయింది. దాని హిందీ డబ్బింగ్ 'ఖూన్‌ఖార్' యూట్యూబులో 70 కోట్ల వ్యూస్ దాటింది. మన రెండు రాష్ట్రాల జనాభా మొత్తం, పసిపిల్లలతో సహా, ఏడెనిమిది సార్లు చూసినట్టు. ఆ లెక్క చూసి అదే హీరోతో ప్రభాస్ 'ఛత్రపతి'ని వి.వి. వినాయక్ దర్శకత్వంలో ఏకంగా హిందీలోనే తీశారు, 2023 మే 12న వదిలారు. హాళ్లు ఖాళీ. రాత్రి డ్యూటీలో ఫోన్‌లో ఊరికే చూసే మనిషీ, ఆదివారం టికెట్టు కొనే మనిషీ వేరని అప్పుడు తెలిసింది. వ్యూస్ లక్షల్లో వచ్చాయని చంకలు గుద్దుకునే యూట్యూబర్లు కూడా ఈ సంగతి ఒకసారి ఆలోచించుకోవాలి.

ఇంకా వింత కావాలంటే 'సూర్యవంశమ్' ఉంది. హిందీవాళ్లు అర్ధరాత్రి అపరాత్రి లేకుండా సెట్ మాక్స్‌లో చూసీ చూసీ మీమ్స్ చేసుకునే ఆ అమితాబ్ సినిమా ఎవరిదనుకున్నారు? దర్శకుడు మన ఈవీవీ. హీరోయిన్ సౌందర్య. తండ్రి పాత్రలో ఉన్న అమితాబ్ భార్య మన జయసుధ. తీసింది పద్మాలయా వాళ్లు, హీరో కృష్ణగారి తమ్ముడు ఆదిశేషగిరిరావు. సౌందర్యకీ జయసుధకీ ఇద్దరికీ రేఖ గొంతిచ్చింది. 1997లో తమిళంలో శరత్‌కుమార్, 1998లో తెలుగులో వెంకటేష్ చేసిన కథే. 1999 మే 21న హిందీలో విడుదలైతే హాళ్లలో పెద్దగా ఆడలేదు. అదే ఏడాది సెట్ మాక్స్ ఛానెల్ మొదలైంది, సినిమా హక్కులు ఏకంగా వందేళ్లకి కొనేశారట. 2023లో ఒక ప్రేక్షకుడు ఆ ఛానెల్‌కి ఉత్తరం రాశాడు, ఇప్పటికి ఎన్నిసార్లు వేశారు, ఇంకా ఎన్నిసార్లు వేస్తారు, నా మనసుకేమైనా అయితే బాధ్యత ఎవరిది అని. ఆ ఉత్తరం దేశమంతా తిరిగింది.

వందేళ్లంటే 2099 దాకా. విషం కలిపిన పాయసం సీను మీ రాయపూర్ మిత్రుల మునిమనవలు కూడా చూస్తారు. ఈవీవీ మన మధ్య ఉండి ఉంటే దీనిమీదే ఒక కామెడీ సినిమా తీసేవాడు.

ప్ర: బాలకృష్ణ తొడ కొడితే రైలు వెనక్కి వెళ్లే సీను నిజంగా సినిమాలో ఉందా? ఎవరో ఎడిట్ చేశారని మా ఫ్రెండ్ పందెం కట్టాడు.
(మహబూబ్‌నగర్)

జ: ఉంది. 2003, 'పలనాటి బ్రహ్మనాయుడు', దర్శకుడు బి. గోపాల్. పందెం డబ్బులు వసూలు చేసుకోండి.

'సమరసింహారెడ్డి', 'నరసింహనాయుడు' అని రెండు మహా హిట్లు ఇచ్చిన జోడీ అది. మొదటి సినిమాలకి తొడ కొడితే హాలు ఊగిపోయింది, కాబట్టి ఈసారి ఇంకాస్త పెద్దది ఊపాలనుకున్నారు, రైలు దొరికింది. ఆ ఏడాదికి యూట్యూబ్ ఇంకా పుట్టలేదు. ఆ సీను గురించి చూసినవాడు చూడనివాడికి చెప్పడమే, వాడు నమ్మకపోవడమే. వీడియోల కాలం వచ్చాక మాత్రం తెలుగు రానివాళ్లు కూడా పంచుకుని నవ్వారు. తమాషా ఏమిటంటే, ఆ క్లిప్పు చూసి నవ్విన కుర్రాళ్లే తర్వాత అమెరికా థియేటర్లలో జై బాలయ్య అని అరిచారు, 2021లో ఆయన ఆహాలో టాక్ షో చేస్తే కూర్చుని చూశారు. మొదట వెక్కిరింపుగా అన్న నినాదం ఎప్పుడు నిజం అభిమానమైందో వాళ్లకే తెలియదు. ఒక నటుడికి ఇంతకంటే లాభసాటి ఫ్లాప్ ఉంటుందా!

2019 సంక్రాంతికి వచ్చిన 'వినయ విధేయ రామ'లో రైలు వెనక్కి వెళ్లలేదు, హీరోనే దాని మీదకి దూకి గుజరాత్ నుంచి బీహార్ చేరాడు. దానికి మాత్రం ఇంకా అభిమానం దాకా రాలేదు, నవ్వుల దగ్గరే ఉంది. మీ అంచనాలు అందుకోలేకపోయామని రామ్ చరణ్ అప్పట్లోనే లేఖ రాశాడు, అది చాలామంది హీరోలు చేయని పని.

ప్ర: ఫ్రీమేక్ అంటే ఏమిటి?
(విజయనగరం)

జ: డబ్బు కట్టి చేస్తే రీమేక్, కట్టకుండా చేస్తే ఫ్రీమేక్. మనవాళ్ల నెట్ భాష. 2018 సంక్రాంతికి 'అజ్ఞాతవాసి' వచ్చినప్పుడు, ఇది 'లార్గో వించ్' అనే ఫ్రెంచ్ సినిమాలా ఉందని గోల మొదలై చివరికి ఆ దర్శకుడు జెరోమ్ సాల్ దాకా వెళ్లింది. పాపం ఆయన పారిస్‌లో టికెట్టు కొనుక్కుని తెలుగు సినిమా చూశాడు. మర్నాటి నుంచి ఆయన ట్విట్టర్ నిండా మనవాళ్లే. 2019లో 'సాహో' వచ్చాక మళ్లీ అదే అనుమానం, మళ్లీ ఆయనకే కబురు. ఈసారి ఆయన కూడా ఫ్రీమేక్ అనే మాటే వాడుతూ, నా పని దొంగిలిస్తే దొంగిలించండి గానీ కనీసం సరిగ్గా చేయండి బాబూ అన్న అర్థంలో ఒకటి రాసి దణ్ణం పెట్టేశాడు. ఆయన తీసింది కూడా ఒక కామిక్ పుస్తకం ఆధారంగానే, కాకపోతే పుస్తకం పేరు దాచలేదు.

ప్ర: నేను సినిమాలు ఐబొమ్మ అనే పైరసీ సైటులో చూసేవాణ్ణి. తప్పేనా? నలుగురం వెళ్తే టికెట్లకే 1180 రూపాయలు, పాప్‌కార్న్ వేరే.
(పేరు వద్దన్నారు, ఊరు కూడా వద్దన్నారు)

జ: తప్పే. పేరూ ఊరూ వద్దన్నారంటే మీకూ తెలుసు.

2025 నవంబరులో దాని నిర్వాహకుణ్ణి హైదరాబాద్ పోలీసులు కూకట్‌పల్లిలో పట్టుకున్నారు, సైటు మూతపడింది. బెట్టింగ్ యాప్‌ల ప్రచారంతో సంపాదించాడని పోలీసులు చెప్పారు. అంటే మీకు ఊరికే చూపించిన సినిమాకి డబ్బు ఎవరో బెట్టింగులో పోగొట్టుకున్నవాడు కట్టాడు. అయినా ఆ వారమంతా నెట్‌లో ఆయన్ని రాబిన్‌హుడ్‌ని చేసి కన్నీళ్లు పెట్టుకున్నారు. పరిశ్రమ పెద్దలు దీన్ని జనం నైతిక పతనం అనుకుంటే పొరపాటు, అది రేట్ల మీద జనం రాసిన ఫిర్యాదు, చిరునామా తప్పు రాశారు అంతే. పెద్ద సినిమా వచ్చిన ప్రతిసారీ టికెట్టు రేటు పెంపు జీవో కోసం పరిగెత్తి, వారం తర్వాత హాళ్లు ఖాళీ అని ఏడిస్తే ఎవరు ఓదారుస్తారు?

పైరసీ మీద మనకెంత సీరియస్‌నెస్ ఉందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2025 ఫిబ్రవరిలో 'తండేల్' విడుదలైన వారంలోనే దాని దొంగ కాపీని ఆర్టీసీ బస్సులో వేశారని నిర్మాతలు ఫిర్యాదు చేశారు. ఆర్టీసీ ప్రభుత్వ సంస్థే.

ప్ర: కావాలనే చెత్తగా తీసిన సినిమాని ఏమంటారు?
(సిద్దిపేట)

జ: మీ వైపు హీరో గురించే అడుగుతున్నారని అర్థమైంది. 'హృదయ కాలేయం', 2014. రాజమౌళి ఆ పోస్టర్ ట్వీట్ చేయడంతో సంపూర్ణేష్ బాబు రాత్రికి రాత్రే బర్నింగ్ స్టార్ అయ్యాడు. మన మాస్ సినిమాల అతిని ఇంకో పదింతలు చేసి చూపించారు, చిక్కేమిటంటే కొన్ని చోట్ల అసలు మాస్ సినిమాకీ దానికీ తేడా కనుక్కోవడం కష్టమైంది. ఆ సినిమాని స్టీవెన్ శంకర్ అన్న దొంగపేరుతో తీసిన సాయి రాజేష్ తర్వాత 'కలర్ ఫోటో'కి కథ ఇచ్చాడు, 'బేబి' తీశాడు, దానికి జాతీయ ఉత్తమ స్క్రీన్‌ప్లే అవార్డు తీసుకున్నాడు. లాజిక్ ఎక్కడ వదిలేయాలో తెలిసినవాడికే ఎక్కడ పట్టుకోవాలో కూడా తెలుస్తుందేమో. సీరియస్‌గా తీసి నవ్వించినవాళ్లకి ఆ సౌకర్యం లేదు.

ప్ర: బ్రహ్మానందం బొమ్మ లేకుండా మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక్క రోజు గడవదు. మీ అభిప్రాయం?
(గచ్చిబౌలి)

జ: మీ మేనేజరు బొమ్మ పెట్టలేరు కదా.

ప్ర: మా హీరోకి వరసగా మూడు పోయాయి. నాలుగోదైనా ఆడుతుందా? టెన్షన్‌గా ఉంది.
(గుంటూరు)

జ: రిలీజ్ డేట్ ప్రకటించగానే ఒక ఉత్తరం రాయండి. అది వాయిదా పడ్డాక ఇంకొకటి రాయండి. రెండూ కలిపి అప్పుడు చూద్దాం.